కింది వరస సున్నాలు

జనవరి 11

బావగారికి,

ఉత్తరం చూసి కంగారు పడకండి. ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగం కూడా ఇంకా ఉంది. మొన్న ఫోన్లో మీతో మాట్లాడుతూ అరగంట అరిచాను. పక్క గదిలోని చరిత్ర ప్రొఫెసర్ తలుపు తీసి, ఎవరితో గొడవ అని అడిగాడు. మీరేమో చివరికి "సరే సరే, నువ్వూ జాగ్రత్త" అని పెట్టేశారు. నేను చెప్పింది ఒక్క ముక్కా మీ చెవిన పడలేదని నాకు అప్పుడే అర్థమైంది. ముప్ఫై ఏళ్లు లారీ హారన్ల మధ్య కూర్చున్న చెవులు అవి, వాటిని ఏమనగలను? ఇక మనిద్దరికీ ఉత్తరాలే దిక్కు.

సంగతేంటంటే, మే నెలాఖరుకి నేను రిటైరవుతున్నాను. వెళ్లేముందు ఒక వీడ్కోలు ఉపన్యాసం ఇమ్మంటున్నారు. దాంతోపాటు నా మొదటి పుస్తకాన్ని మళ్లీ అచ్చు వేస్తున్నారు, కొత్త ముందుమాట కావాలట. ముప్ఫై నాలుగేళ్ల తర్వాత అటక మీది రేకు పెట్టె దించాను. మూత తియ్యగానే పేపర్ మిల్లు వాసన! ఆ కుళ్లు వాసన ఇన్నేళ్లు ఎక్కడ దాక్కుందో తెలీదు. నాకు మాత్రం కళ్లనీళ్లు తిరిగాయి.

కాటా పక్కన మీ క్వార్టరు, వాకిట్లో తూకం కోసం లారీల వరస, లోపల అక్క కుట్టుమిషను చప్పుడు. ఆ మిషను రేకు పెట్టె తిరగేసి నేను బల్లగా వాడుకునేదాన్ని. వర్షం పడితే మిల్లు కాలువలో నురగ మనిషెత్తు లేచేది. అక్క కిటికీ వేసేస్తూ, "రాజనీతిశాస్త్రం చదివే పిల్లకి ఈ నురగతో ఏం పని? మంత్రుల గురించి చదువుకోవచ్చుగా" అనేది. మంత్రులు చేసే పనులు చివరికి ఈ నురగ దగ్గరికే వస్తాయని నేను ఉపన్యాసం మొదలుపెట్టేదాన్ని. అది మిషను తొక్కుడు పెంచేది, నా మాట వినపడకుండా.

కాలువ ఒడ్డున మూడు వరసల ఇళ్లు, మొత్తం రెండు వందల పన్నెండు. ప్రభుత్వం వాళ్లని అక్కణ్ణుంచి తీసేద్దామనుకుంటున్న రోజులు. "వేరే చోట ఇల్లిస్తే వెళ్తారా?" అని ఇంటింటికీ తిరిగి అడగడమే నా పరిశోధన. పై రెండు వరసలు నేను తిరిగాను. తర్వాత కామెర్లొచ్చి మంచం ఎక్కితే, డ్యూటీ దిగాక కింది వరస మొత్తం మీరే తిరిగారు. ఆ ఎనభై ఫారాలూ మీ చేతిరాతతో ఇప్పుడు నా బల్ల మీదున్నాయి.

ఒక చిన్న అనుమానం. నా దగ్గర పీహెచ్‌డీ చేసే అమ్మాయి వీటిని కంప్యూటర్‌లోకి ఎక్కిస్తోంది. మీ ఫారాల్లో అరవై మూడింటి మీద "వెళ్తాం" అన్న గడిలో టిక్కు, దాని పక్కన బఠాణీ గింజంత సున్నా ఉన్నాయట. నేను చూశాను, నిజమే. ఏమిటా సున్నా? ముందుమాటలో సరదాగా రాసుకుంటాను.

మోకాళ్లకి నూనె రాస్తున్నారా? రాస్తున్నానని అబద్ధం చెప్పకండి.

మీ ఇంట్లో రెండేళ్లు తిని కూర్చున్న
మరదలు

*

జనవరి 20

ప్రొఫెసరమ్మకి,

నీ ఉత్తరాన్ని పోస్ట్‌మాన్ కింద ఇస్త్రీ కొట్టులో ఇచ్చాడు. కొట్టాయన పైకి తెచ్చిచ్చేసరికి కవరు వెచ్చగా, ముడతల్లేకుండా ఉంది. నీకు అంత గౌరవం జరిగిందన్నమాట.

నువ్వు రిటైరవడమేంటి? నా లెక్కలో నువ్వింకా కామెర్లొచ్చి పసుప్పచ్చ కళ్లతో "బావగారూ, ఈ వారం పది ఇళ్లయినా అవ్వాలి" అని మంచం మీంచి హుకుం జారీచేసే పిల్లవే. మీ అక్క నన్ను చూసి నవ్వేది. పగలంతా లారీలు, సాయంత్రమంతా నీ ఫారాలు. చేసుకుంది ఒకరిని, చాకిరీ ఇద్దరికి అని నేను గొణిగితే, "రెండోదాని చాకిరీకి డిగ్రీ వస్తుంది, నీకేం వస్తుంది" అనేది. ఆరేళ్లయింది అది పోయి. ఇప్పటికీ టీ రెండు గ్లాసుల్లో పోసి నాలిక్కరుచుకుంటాను.

మిల్లు మూతపడి పన్నెండేళ్లు దాటింది. మొన్న అటు వెళ్తే కాటా పళ్లెం మీద గడ్డి మొలిచింది. ఊరికే దాని మీద నిలబడి వచ్చాను. నా బరువు చెప్పేవాడెవడూ లేడక్కడ.

సున్నాల సంగతి ఇప్పుడెందుకులే. నీ పుస్తకం బాగానే పోయింది, నువ్వు పెద్దదానివయ్యావు, మాకదే చాలు. ముందుమాటలో మీ అక్క గురించి రెండు ముక్కలు రాయి. మిషను సంగతి కూడా రాయి.

నూనె రాస్తున్నాను. ఒక మోకాలికి.

నీ కాటా బావ

*

జనవరి 29

బావగారికి,

అక్క గురించి రెండు ముక్కలు కాదు, రెండు పేజీలు రాశాను. ఎలాగూ ఎడిటర్ కోసేస్తాడు.

కానీ సున్నాల సంగతి మీరు దాటేశారు. తూకం దగ్గర లారీ డ్రైవర్లని మీరు నిలదీసే తీరు చూసినదాన్ని, ఎవరైనా మాట దాటేస్తే నాకు తెలిసిపోతుంది. మళ్లీ ఎందుకు అడుగుతున్నానో చెప్తాను, కోప్పడకండి.

రెండు వందల పన్నెండు ఇళ్లలో నూట అరవై అయిదు "వెళ్తాం" అన్నాయి. అంటే డెబ్భై ఎనిమిది శాతం. ఆ అంకె మీదే నా బతుకంతా నిలబడింది. దాన్ని చూసే నాకు మొదటి ఉద్యోగం ఇచ్చారు. ఇంటర్వ్యూలో పెద్దాయన ఒకాయన, "జనాన్ని అడిగితే వాళ్లే ఒప్పుకుంటారని రుజువు చేశావమ్మా" అని లేచి నిలబడి మరీ అన్నాడు. ఆ తర్వాత తాగునీటి మీద రాసినా, పొగ మీద రాసినా, ఏ కమిటీలో కూర్చున్నా నన్ను పరిచయం చేసేది ఆ అంకెతోనే. డిపార్ట్‌మెంట్‌లో చాటుగా నన్ను "డెబ్భై ఎనిమిదమ్మ" అంటారని తెలుసు, తెలియనట్టు ఉంటాను. ఇప్పుడు ఇంకో చోట నది ఒడ్డున మూడు వేల ఇళ్లు కదిలించడానికి ప్రభుత్వం వేసిన కమిటీ కూడా నా ఫారమే వాడతానంటోంది.

ఆ సున్నాలున్న అరవై మూడూ తీసేస్తే మిగిలేది నూట రెండు. నలభై ఎనిమిది శాతం. సగం కూడా కాదు.

మా వృత్తిలో ఒక పాత జబ్బుంది బావగారూ. సర్వేకి వెళ్లినవాళ్లు అలిసిపోయి, ఇంట్లో కూర్చుని ఫారాలు నింపేస్తారు. తర్వాత గుర్తుండడానికి ఏదో చిన్న గుర్తు పెట్టుకుంటారు. ఈ అమ్మాయి అదే అనుకుంటోంది, నా మొహం మీద అనలేక నసుగుతోంది. పగలంతా డ్యూటీ చేసి వచ్చి తిరిగారు మీరు. ఒకవేళ అలా జరిగినా నేను అర్థం చేసుకోగలను. నిజమేంటో చెప్పండి చాలు.

మరదలు

*

ఫిబ్రవరి 6

అమ్మాయికి,

ఎనభై ఇళ్లు. ఒక్కో ఇంటికి రెండేసి సార్లు తిరిగాను, కొన్నింటికి మూడు. షిఫ్టు మారే వేళకి వెళ్తే మగాళ్లు ఉండేవారు కాదు, వాళ్లొచ్చే వేళకి ఆడవాళ్లు గుడ్డపీలికలు ఏరే షెడ్డుకి వెళ్లేవారు. ఆ బురదలో నా చెప్పు తెగిపోతే ఒంటి చెప్పుతో ఇల్లు చేరాను. మీ అక్క పడీ పడీ నవ్వింది, నువ్వూ నవ్వావు. కామెర్ల మనిషి అంత నవ్వకూడదని తిట్టాను కూడా. ఇంట్లో కూర్చుని నింపినవాడికి చెప్పు ఎందుకు తెగుతుంది?

తెలియనట్టు అడుగుతున్నావు, అదే నాకు బాధగా ఉంది. నీ చదువుకి అడ్డం రాకూడదనే ఇన్నేళ్లూ నోరు మూసుకున్నాను. ఇంకా మూసుకునే ఉంటాను. నీ పుస్తకం నువ్వు వేసుకో.

బావ

*

ఫిబ్రవరి 14

బావగారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. నోరు మూసుకున్నానంటే ఏదో దాచారనేగా?

నేను అడగకూడనిది అడుగుతున్నాను. అడక్కపోతే నిద్ర పట్టదు, అడిగాక అసలు పట్టదు. కింది వరస ఖాళీ అయిన మరుసటి ఏడే మిల్లువాళ్లు అక్కడ రెండో బాయిలర్ కట్టారు. ఆ జాగా వాళ్లకి కావాలని అప్పట్లో టీ కొట్టు దగ్గర కూడా చెప్పుకునేవారు. ఆ ఏడే మీరు కాటాకి హెడ్ అయ్యారు. అక్క నాకు ఉత్తరం రాస్తే ఎంత సంతోషించానో, మీకోసం పెన్ను కొని పంపాను. ఇప్పుడు ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. మిల్లులో ఎవరైనా మీకు చెప్పారా? కింది వరస "వెళ్తాం" అనేలా చూడమని ఎవరైనా అడిగారా?

మీ మీద కోపం కంటే నా మీద నాకే అసహ్యంగా ఉంది. ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకి పాఠం చెప్పాను, అధికారం ఎక్కడెక్కడ దూరుతుందో వెతకండి అని. మా ఇంట్లోనే దూరిందేమో నేను చూసుకోలేదు.

జవాబు రాయండి. ఏదైనా సరే రాయండి.

మరదలు

*

మార్చి 5

బావగారూ,

మూడు వారాలైంది. ఇస్త్రీ కొట్టుకి ఫోన్ చేశాను. మీరు కులాసాగానే ఉన్నారట, పోస్ట్‌మాన్‌ని చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటున్నారట.

ఆ మాట రాయకుండా ఉండాల్సింది. పోస్టు డబ్బాలో వేశాక చెయ్యి లోపలికి పెట్టి తీయబోయాను కూడా, మణికట్టు దగ్గర గీరుకుంది. అక్క ఉంటే నా చెంప పగలగొట్టేది. అది పగలగొట్టిందనుకుని మీరు నన్ను క్షమించండి.

పుస్తకం అచ్చు ఆపమని చెప్పేశాను. మీ మీద ఒక్క మాట పడనివ్వను, లెక్కల్లో పొరపాటు నాదేనని రాస్తాను. కానీ నాకొక్కదానికైనా నిజం తెలియాలి. ఇది ప్రొఫెసర్ అడుగుతున్నది కాదు.

మీ మరదలు

*

మార్చి 13

పిల్లా,

నీ మీద అలిగి ఇరవై రోజులు ఉన్నాను. ఈ వయసులో అలక నిలబెట్టుకోవడం కష్టమే. అలిగానని నా మొహం చూసి తెలుసుకునే మనిషే లేనప్పుడు అలిగి ఏం లాభం?

ముందు హెడ్ సంగతి. నాకు ముందున్న హెడ్‌కి కంట్లో పొర వచ్చింది. తూకం ముల్లు కనపడక లోడు లారీని ఖాళీ లారీ అని రాశాడు. ఆయన్ని ఇంటికి పంపి, వరసలో తర్వాతవాణ్ణి నన్ను కూర్చోబెట్టారు. నీ పెన్ను ఇంకా ఉంది, ఈ ఉత్తరం దానితోనే రాస్తున్నాను. మిల్లులో ఎవడూ నన్నేమీ అడగలేదు. అడిగితే ఏం చేసేవాణ్ణో కూడా చెప్పలేను, ఉద్యోగస్తుణ్ణి కదా. కానీ అడగలేదు.

ఇక సున్నా. నీకు తెలియదని ఈ ఉత్తరాలతోనే నాకు తెలిసింది. నమ్మడానికి ఇన్ని రోజులు పట్టింది.

కాటా మీద లారీకి రెండు తూకాలుంటాయి. లోడుతో లోపలికి వచ్చేటప్పుడు ఒకటి, దించేసి ఖాళీగా వెళ్లేటప్పుడు ఒకటి. రెండోది తీసేస్తేనే సరుకు ఎంతో తేలేది. మొదటి తూకం అయ్యాక చీటీ మీద అంకె రాసి, పక్కన చిన్న సున్నా పెడతాం. ఇది ఇంకా తేలలేదు, రెండో తూకం ఉంది అని దానర్థం. ఖాళీ లారీ తూగాక ఆ సున్నా కొట్టేస్తాం. సున్నా ఉన్న చీటీని ఏ గుమస్తా లెక్కలో వేసుకోడు. వేసుకుంటే వాడి ఉద్యోగం ఊడుతుంది.

కింది వరసలో నీ ప్రశ్న అడిగితే ఆరుగురు వెళ్తామన్నారు, పదకొండుగురు చచ్చినా వెళ్లమన్నారు. తక్కిన అరవై మూడు ఇళ్లూ ఒకటే మాట: "మీరొస్తారా? మీరొస్తే మేమొస్తాం." నేను వాళ్లకి కాటా గుమస్తాని, మీ అక్క వాళ్ల పిల్లల బట్టలు కుట్టేది. ఈయన కాగితం పట్టుకుని తిరుగుతున్నాడంటే ఈయన కూడా కదులుతాడని వాళ్ల నమ్మకం. వెళ్లం అని రాయడానికి లేదు, ఎందుకంటే వెళ్తామన్నారు. వెళ్తాం అని రాయడానికి లేదు, ఎందుకంటే మనం కదిలితేనే అన్నారు. నీ ఫారంలో రెండే గళ్లు. టిక్కు పెట్టి సున్నా చుట్టాను, నువ్వు లేచాక రెండో తూకం చూసుకుంటావని.

మా ఇంట్లో రెండేళ్లున్నావు. ఇల్లంతా ఆ చీటీలే. నువ్వు వాటి వెనక నోట్సు రాసుకునేదానివి. సున్నా అంటే నీకు తెలియదని నేనెలా అనుకుంటాను? మా ఇంట్లో సున్నా అంటే గోడ మీద గడియారం లాంటిది, ఒకరు చెప్పాలా?

పుస్తకం వచ్చాక మీ అక్క మొత్తం చదివింది. అర్థం కానివి వదిలేసి, అంకెలున్న పేజీ దగ్గర ఆగింది. "అది సున్నాలన్నీ కలిపేసుకుంది" అంది. నేను, "దాని ఇష్టం, డిగ్రీ తొందరలో ఉంది, ఈ మాట బయట అనకు" అన్నాను. నీకు తెలిసే చేశావనుకున్నాం. తెలిసి చేసిన పిల్లని నిలదీస్తే తల ఎత్తుకోలేదని ఊరుకున్నాం. అదీ నేను మూసుకున్న నోరు.

నువ్వేమో నేను అబద్ధాలు రాశాననుకున్నావు. బాగానే ఉంది మన వరస.

బావ

*

మార్చి 24

బావగారికి,

మీ ఉత్తరం డిపార్ట్‌మెంట్ గదిలో చదివాను. తర్వాత క్లాసు ఉంది, వెళ్లలేకపోయాను. పిల్లలు వచ్చి తలుపు తట్టారు, లేనట్టు కూర్చున్నాను.

మీరు మీ సంగతి చెప్పారు. ఇప్పుడు నాది వినండి. ఇది నేను ఎవరికీ చెప్పలేదు.

నా మొదటి ఫారంలో మూడు గళ్లుండేవి. మూడోది, "ఇంకేమైనా చెప్పాలా?" అని ఖాళీ జాగా. దాన్ని నేనే తీసేశాను. జనం చెప్పేదంతా రాసుకుంటే పట్టికలో ఇమడదని, రెండు గళ్లయితే శుభ్రంగా శాతాలు వస్తాయని. గైడు చెప్పలేదు, ఎవరూ చెప్పలేదు. నాకే అలా బాగుందనిపించింది.

ఇంకోటి. ఆ సున్నాలు నేను అప్పుడే చూశాను. కామెర్లు తగ్గి, మీ మంచం మీద కూర్చుని ఫారాలు తిరగేస్తున్నప్పుడు చూశాను. ఏమిటో అడుగుదామనుకున్నాను. అప్పటికి లెక్క వేస్తే అంకె డెబ్భై దాటింది. మీరు వాకిట్లో లారీ దగ్గర ఉన్నారు, పిలిస్తే పలికే దూరం. పిలవబుద్ధి కాలేదు. తర్వాత ఆ విషయాన్ని ఎంత గట్టిగా మర్చిపోయానంటే, జనవరిలో ఆ అమ్మాయి చూపించినప్పుడు నిజంగా మొదటిసారి చూసినట్టే ఉంది. మీరూ అక్కా అనుకున్నది పూర్తిగా తప్పేం కాదు.

ఇక్కడ వాళ్లకి చెప్పాను. ఒకాయన, "కింద చిన్న అక్షరాల్లో ఒక వివరణ వేస్తే సరిపోతుంది, ఎవరూ చదవరు" అన్నాడు. ఇంకొకాయన, "రెండు నెలల్లో వెళ్లిపోతున్నావు, ఎందుకొచ్చిన రభస" అన్నాడు. ఇద్దరూ నా మేలు కోరేవాళ్లే. నా దగ్గర చదువుకున్న పిల్లలు ఆ అంకెని వాళ్ల పుస్తకాల్లో వాడుకున్నారు, వాళ్ల మొహాలు గుర్తొస్తున్నాయి. ఒప్పుకుంటే నా పనంతా కొట్టుకుపోతుందేమోనని భయంగా ఉంది. ఉన్నమాట చెప్తున్నాను, చాలా భయంగా ఉంది.

ఆ అరవై మూడు కుటుంబాలూ వెళ్లాయి. మనం వెళ్లలేదు. వాళ్లేమయ్యారో నేను ఒక్కసారి కూడా చూడలేదు, ప్రపంచమంతా వాళ్ల గురించి మాట్లాడి వచ్చాను. మీరు ఎప్పుడైనా వెళ్లారా? అక్క వెళ్లేదా?

మరదలు

*

ఏప్రిల్ 9

పిల్లా,

నేను ఎప్పుడూ వెళ్లలేదు. ఏ మొహం పెట్టుకుని వెళ్లను? కాటా మనిషి సైరన్ వినపడే దూరంలో ఉండాలని మిల్లు రూలు, క్వార్టరు వదిలితే ఉద్యోగం వదలాలి. ఆ మాట వాళ్లకి చెప్పడానికైనా వెళ్లి ఉండాల్సింది. నీ ఉత్తరం వచ్చాక నాలుగు రోజులు ఆలోచించి, అయిదో రోజు బస్సెక్కాను.

కొత్త కాలనీ అని ఇంకా అంటున్నారు, దానికి ముప్ఫై మూడేళ్లు. గుట్ట మీద ఉంది. గాలి బాగుంది, అది ముందు రాసుకో. ఇంటింటికీ కుళాయి ఉంది. నీళ్లకి వాసన లేదు, తాగి చూశాను. కింది వరస పిల్లలకి ఒంటినిండా పుళ్లుండేవి గుర్తుందా? వాళ్లకి ఇప్పుడు మనవలు, నున్నగా ఉన్నారు. సైకిల్ రిపేరు చేసే ఆయన, "దగ్గు పోయింది సార్, పనీ పోయింది" అన్నాడు. మిల్లుకి ఎనిమిది మైళ్లు నడవలేక చాలామంది మొదటి రెండేళ్లలోనే మానేశారట. నువ్వు చేసింది మంచో చెడో నన్నడగొద్దు. రెండూ కళ్లారా చూసి వచ్చాను.

గుడ్డపీలికల షెడ్డులో పనిచేసిన ఆవిడ గుర్తుందా, ఎడమ చేతికి మూడు వేళ్లుండేవి? ఎనభై దాటాయి. నన్ను గుర్తుపట్టి, "ఇప్పుడా రావడం?" అంది. అంతే. కుర్చీ వేసింది.

తర్వాత నా చెయ్యి పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. మధ్య వరసలో, ఆవిడ ఇంటి పక్కన ఒక స్థలం ఖాళీగా ఉంది. అటూ ఇటూ ఇళ్లు ఇరుక్కుని ఉన్నాయి, ఇది మాత్రం అలాగే వదిలేశారు. బట్టలు ఆరేసుకుంటున్నారు, పిల్లలు ఆడుకుంటున్నారు, పెళ్లైనా చావైనా టెంటు అక్కడే వేస్తారట. ఇదేంటని అడిగాను. "మీది" అంది.

స్థలాలు పంచేటప్పుడు కాటా ఆయన కుటుంబం వెనక వస్తుందని, వాళ్లకి మధ్యలో ఒకటి ఉంచమని కింది వరస వాళ్లంతా ఆఫీసర్ దగ్గర పట్టుబట్టారట. రికార్డులో మన పేరు లేదు. ఎవరి పేరూ లేదు. ఎవరైనా కట్టుకోబోతే వీళ్లు కట్టనివ్వలేదు. ఇరవై ఏడేళ్లు మీ అక్క దారాలు కొనడానికని చెప్పి అక్కడికి వెళ్లి వచ్చేదట. "ఎప్పుడొస్తున్నారు" అని వీళ్లు అడిగితే, "ఈయన రిటైరవనీ" అనేదట. నేను రిటైరయ్యాక, "మోకాళ్లు నయమవనీ" అనేదట. నాతో ఒక్క ముక్క అనలేదు. దారాలు ఇంత ఎందుకు కొంటున్నావని నేను విసుక్కునేవాణ్ణి.

ఆ స్థలంలో నిలబడి ఏడ్చాను. ఆవిడ, "ఎండలో నిలబడకండి" అని లోపలికి లాక్కొచ్చింది.

నీ గురించి అడిగారు. చెప్పాను, మొత్తం చెప్పాను. సున్నాల సంగతి, అంకె సంగతి.

బావ

*

మే 22

బావగారికి,

నిన్న ఉపన్యాసం అయిపోయింది.

పెద్ద హాలు. నా పాత విద్యార్థులు చాలామంది వచ్చారు, జుట్టు నెరిసినవాళ్లు కూడా. ఆ నది కమిటీవాళ్లు ముందు వరసలో కూర్చున్నారు. తెర మీద ముందు నా పాత పట్టిక వేశాను. అందరూ నవ్వుతూ తలలూపారు, పాత స్నేహితుణ్ణి చూసినట్టు. తర్వాత మూడు గళ్ల పట్టిక వేశాను. వెళ్తాం, నూట రెండు. వెళ్లం, నలభై ఏడు. మీరొస్తే వెళ్తాం, అరవై మూడు. నా మొదటి పుస్తకం తప్పు అని చెప్పాను, ఎలా తప్పో చెప్పాను. పట్టికని శుభ్రంగా ఉంచడానికి మూడో గడి నేనే తీసేశానని, సున్నాలు చూసి కూడా అడగలేదని చెప్పాను. కాటా గురించి చెప్తున్నప్పుడు మధ్యలో ఆపేశాను. మంచినీళ్లు తాగి మళ్లీ మొదలుపెట్టాను.

చప్పట్లు చాలాసేపటికి వచ్చాయి, అందరివీ రాలేదు. చరిత్ర ప్రొఫెసర్ వచ్చి చెయ్యి నొక్కి వెళ్లాడు. నా మొదటి విద్యార్థి ఒకడు పలకరించకుండానే వెళ్లిపోయాడు. వాడి పుస్తకం సగం ఆ అంకె మీదే నడిచింది, వాణ్ణేం అనలేను. కమిటీ ఛైర్మన్ ఫారం మార్చి పంపమన్నాడు. వాడతారో లేదో తెలియదు. పాత పుస్తకం ఇక అచ్చు కాదు.

నాకు తేలిగ్గా ఉందని అబద్ధం చెప్పను. గది ఖాళీ చేస్తూ పుస్తకాలు పెట్టెల్లో సర్దుతుంటే, ఇదంతా ఎవరి కోసం చదివానా అనిపించింది. కానీ అక్క ముందు నిలబడగలననిపిస్తోంది.

జూన్ మూడున వస్తాను. కాలనీకి ఇద్దరం వెళ్దాం. కొత్త ఫారం తయారుచేశాను, ఈసారి గళ్లు లేవు, ప్రశ్న కింద పేజీ అంతా ఖాళీ. ప్రతి ఇంటికీ మళ్లీ వెళ్లి, ఎంతసేపు చెప్తే అంతసేపు రాసుకుంటాను. నూట యాభై ప్రతులు తీయించాను, ఒకటి దీంతో పాటు పంపుతున్నాను. వాళ్లు నాతో మాట్లాడతారంటారా? ముందు ఒకసారి మీరు వెళ్లి అడిగి రండి. వద్దంటే రాను.

మీ మరదలు

*

మే 30

పిల్లా,

ఉపన్యాసం సంగతి ఇస్త్రీ కొట్టాయనకి చదివి వినిపించాను. ఆయనకి సగం అర్థమైంది, నాకు ముప్పావు. మీ అక్కకి మొత్తం అర్థమయ్యేది.

నిన్న కాలనీకి వెళ్లి వచ్చాను. నువ్వొస్తున్నావని చెప్పి, నీ కొత్త ఫారం వాళ్ల ముందు పెట్టాను. మూడు వేళ్లావిడ దాన్ని తీసుకుని ముందూ వెనకా తిప్పి చూసింది. ఖాళీ పేజీ చూసి పక్కావిడకి ఇచ్చింది. అది చేతులు మారి మారి మళ్లీ నా దగ్గరికే వచ్చింది.

రమ్మంటున్నారు. కాగితాలు మాత్రం తేవద్దంటున్నారు. ఊరికే రమ్మంటున్నారు.

కాలనీ బస్సు పదిన్నరకి. స్టాండులో ఉంటాను.

నీ బావ